జాబితాలో లేని కావలి

మీలో చాలామంది ఇప్పుడు పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూర్చుని, గోడంత తెరల మీద ఎర్రచుక్కలూ పచ్చచుక్కలూ చూస్తూ జీతం తీసుకుంటున్నారని విన్నాను. సంతోషం. నేనూ ఒకప్పుడు ఆ పనే చేశాను, కాకపోతే మా తెర మూరెడు. ఆ మూరెడు తెరతోనే ఒక మనిషి నోటికాడి కూడు తీసేయబోయాను. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. రిటైరయ్యాక సిగ్గు కాస్త తగ్గుతుంది కదా, అందుకని ఇప్పుడు చెబుతున్నాను.

నాచారం నుంచి మల్లాపూర్ వెళ్ళే దారిలో ఉండేది మా ఫ్యాక్టరీ. సెలైన్ సీసాలు తయారుచేసేవాళ్ళం. రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయిన రోజులవి. బయట ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటుంటే, మా కంప్యూటర్ గదిలో మేం స్వెటర్లు వేసుకుని కూర్చునేవాళ్ళం. సర్వర్ ఫ్యాన్ల హోరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే శ్రుతిలో సాగుతుండేది. భోజనం చేసొచ్చి కుర్చీలో వాలితే ఆ హోరులో ఒళ్ళు తేలిపోయేది. కిటికీకి పచ్చ కాగితం అంటించి ఉండటంతో బయట లారీలూ, మనుషులూ, తురాయి చెట్టూ అన్నీ నీళ్ళ అడుగున కదులుతున్నట్టు కనిపించేవి. నా సర్వీసులో సగం ఆ కిటికీలోంచి చూడటానికే సరిపోయిందని మా ఆవిడ అంటుంది. కాదనను.

ఆ గదిలో ఇద్దరమే. సిస్టమ్ చూసేవాణ్ణి నేను. ఆపరేటరు ఒకావిడ, ముప్పై దాటిన మనిషి, భువనగిరి వైపు ఊరు, కాపురం ఉప్పల్‌లో. ఆవిడ ఆ కుర్చీలోకి ఎలా వచ్చిందో మీకు చెప్పాలి. మొదట అదే ఫ్యాక్టరీ ప్యాకింగ్ హాల్లో సీసాలు చూసే పనిలో ఉండేది. సాయంత్రం డ్యూటీ దిగి, ఉప్పల్ రింగురోడ్డు దగ్గరి ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని కంప్యూటర్ నేర్చుకుంది. రెండేళ్ళు అలా తిరిగాక పరీక్ష పెట్టి తీసుకున్నారు. ప్యాకింగ్ హాలు నుంచి కంప్యూటర్ గదికి వచ్చిన మొదటి ఆడమనిషి ఆవిడే. కాంట్రాక్టు ఉద్యోగమే అయినా, పాత స్నేహితురాళ్ళు ఆ కిటికీ పక్కనుంచి పోతూ చెయ్యి ఊపేవాళ్ళు. వాళ్ళకు కనిపించేది పచ్చకాగితమే, లోపలి మనిషి కాదు. అయినా ఊపేవాళ్ళు.

మొదట్లో నన్ను సార్ అనేది. ఒకరోజు బంద్ పిలుపు వచ్చి మధ్యాహ్నానికే బస్సులు ఆగిపోయాయి. అప్పట్లో అది మామూలే. ఇద్దరం నడిచి బయల్దేరాం, హబ్సిగూడ మీదుగా ఉప్పల్ దాకా. అంత పెద్ద రోడ్డు మీద ఒక్క బండి లేదు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి, రోడ్డు మధ్యలో కుక్కలు పడుకుని ఉన్నాయి, ఎండ తెల్లగా పరుచుకుని ఉంది. ఆ నడకలో ఆవిడ వాళ్ళ ఊరి సంగతులు చెప్పింది, నేను మా కృష్ణా జిల్లా కాలవల సంగతులు చెప్పాను. స్ట్రీట్ నంబర్ ఎనిమిది దగ్గరనుకుంటాను, నేను అలిసిపోయి నీడకు ఆగితే నీళ్ళ సీసా అందించి, తాగండన్నా అంది. ఆ రోజు నుంచి నేను అన్ననైపోయాను. నాకు తోడబుట్టిన ఆడపిల్లలు లేరు. నేను బయటపడలేదు గానీ ఆ పిలుపు నాకు చాలా బాగుండేది.

ఇక అసలు సంగతికి వస్తాను. సిస్టమ్ మీద నడిచే ప్రతి పనినీ మేం జాబ్ అనేవాళ్ళం. అన్నిటిలోకీ బరువైనది రిలీజ్ జాబ్. ఒక బ్యాచ్ సీసాలకు చేసిన పరీక్షలన్నిటినీ సరిచూసి, ఇవి మనిషి నరంలోకి ఎక్కించడానికి పనికొస్తాయని కాగితం ఇస్తుంది. ఆ కాగితం లేనిదే లారీ గేటు దాటదు. రోజుకు రెండుసార్లు, పదకొండుకూ మూడింటికీ, ఆవిడే దాన్ని నడిపేది. నాలుగు నిమిషాల పని.

ఒక వానాకాలంలో సిస్టమ్ నెమ్మదించింది. ఏ జాబ్ ఎక్కువ తింటోందో కనిపెట్టమని ఫ్యాక్టరీ మేనేజరు నన్ను పిలిచి చెప్పారు. నాకు ఉత్సాహం పొంగుకొచ్చింది. రెండు రోజులు కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాం రాసి, దానికి కావలి అని పేరు పెట్టాను. నిమిషానికోసారి లేచి, సిస్టమ్ మీద ఎవరెవరు ఉన్నారు, ఎవరెంత తింటున్నారు అని చూసి, పెద్దవాళ్ళను పైన పెట్టి జాబితా వేస్తుంది. మేనేజరు గదిలో ఒక తెర పెట్టించి ఆ జాబితా అందులో వచ్చేలా చేశాను. ఆయన మురిసిపోయారు. సంగతి తెలిసి స్టోర్సువాళ్ళు మాకూ ఒకటి అన్నారు. క్వాలిటీవాళ్ళు, డిస్పాచ్‌వాళ్ళు, మెయింటెనెన్సువాళ్ళు వరస కట్టారు. అడిగినవాళ్ళకల్లా పెట్టాను. ఐదు తెరలు, ఐదు కావలులు. ఆ నెలంతా క్యాంటీన్‌లో నేను టీకి డబ్బులిచ్చిన గుర్తు లేదు.

ఆ జాబితాలో ఒక చిన్న ఏర్పాటు ఉండేది. కావలి లేచి చూసినప్పుడు, చూస్తున్న కావలి కూడా ఒక జాబే కాబట్టి, అది కూడా జాబితాలో పడుతుంది. చూడటానికి బాగుండదు. అందుకని ప్రోగ్రాంలు రాసేవాళ్ళందరం ఒక వాక్యం రాసేవాళ్ళం, నన్ను తప్ప మిగతా అందరినీ చూపించు అని. నాకు పని నేర్పిన పెద్దాయన అలా రాసేవాడు, నేనూ అలా రాశాను. ఎందుకని ఎవరం అడగలేదు. అన్నం ముందు చెయ్యి కడుక్కున్నంత అలవాటుగా రాసేశాను.

కావలి పెట్టాక సిస్టమ్ ఇంకా నెమ్మదించింది. నాలుగు నిమిషాల రిలీజ్ జాబ్ అరగంట పట్టేది, ఒక్కోరోజు గంట. గేటు దగ్గర లారీలు నిలిచిపోయేవి. డిస్పాచ్ చూసే అతను, మల్లాపూర్ మనిషి, వచ్చి మా తలుపు దగ్గర నిలబడి మా మొహాలు చూసి పోయేవాడు. దవాఖానాల నుంచి అతనికి ఫోన్ల మీద ఫోన్లు. మేనేజరు తన తెర చూసేవారు. ఎప్పుడు చూసినా జాబితాలో మొదటి పేరు రిలీజ్ జాబ్, దాని పక్కన నడిపిన మనిషి పేరు, అంటే ఆవిడ పేరు. గంటసేపూ ఆ పేరే పైన కదలకుండా ఉండటంతో, ఆమె ఒకసారి నొక్కి, ఆలస్యమైతే తొందరపడి మళ్ళీ మళ్ళీ నొక్కుతోందని ఆయన తేల్చారు. ఆయన తన కళ్ళతో చూశారు కదా, ఇంకెవరు చెప్తే వింటారు?

నన్ను అడిగారు. జాబితాలో అలాగే ఉందండీ అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ మాట ఆవిడ నెత్తిన బండ అయి కూర్చుంది.

నెలాఖరు శనివారం కాంట్రాక్టరుకు ఒక కాగితం వెళ్తుంది, వచ్చే నెల ఎవరిని ఉంచాలో ఎవరిని వద్దో రాసి. ఆవిడ పేరు వద్దు వరసలో పెట్టాలని సోమవారం నిర్ణయమైంది. అందాకా ప్యాకింగ్ హాల్లో, పాత పనిలో, సీసాలు చూస్తూ ఉండమన్నారు. ఎక్కడి నుంచి చెయ్యి ఊపించుకుంటూ వచ్చిందో అక్కడికే, వాళ్ళందరి కళ్ళ ముందు.

మంగళవారం పొద్దున గది తాళంచెవీ, తన నోటు పుస్తకమూ అప్పజెప్పడానికి వచ్చింది. ఏడవలేదు, కోప్పడలేదు. నా టేబుల్ మీదున్న జాబితా కాగితం తీసి పైనుంచి కిందికి వేలు పెట్టి చదివింది. ప్యాకింగ్ హాల్లో ఏళ్ళతరబడి సీసాలు చూసిన మనిషి, ఏదైనా అలాగే చూస్తుంది. చదివాక నన్ను అడిగింది:

"అన్నా, అందరి పేర్లున్నయి గాని, మీ కావలి పేరేది ఇందుల? అది గూడ సిస్టమ్ మీదనే గదా నడిచేది?"

అది చిన్న ప్రోగ్రామమ్మా, లెక్కలోకి రాదు అని నవ్వాను. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక ఆ హోరులో ఒక్కణ్ణే కూర్చున్నాను. ఆ నవ్వు నా మొహం మీదే ఉంది, ఎందుకున్నదో నాకే తెలియడం లేదు. సరే చూద్దాం అని, కావలిలో నన్ను తప్ప అన్న ఆ ఒక్క వాక్యం కొట్టేసి జాబితా అడిగాను.

తెర నిండా కావలి. కిందికి జరిపితే కావలి, ఇంకా జరిపితే కావలి. నూట ముప్పై దాకా లెక్కపెట్టి మానేశాను. వాటి అడుగున ఎక్కడో, దారి దొరకని మనిషిలా, రిలీజ్ జాబ్ ఒకే ఒక్కటి ఉంది. ఆవిడ ఒక్కసారే నొక్కింది.

జరిగింది ఇది. నిమిషానికి ఐదు కావలులు లేస్తాయి. సిస్టమ్ కాస్త నెమ్మదిగా ఉంటే అవి నిమిషంలో చూపు ముగించలేవు. అవి ముగించేలోగా ఇంకో ఐదు లేస్తాయి. ఇవి తోడయ్యేసరికి సిస్టమ్ ఇంకా నెమ్మదిస్తుంది, కాబట్టి ఇంకా పోగవుతాయి. అన్నిటి పేరూ కావలే. ఆ పేరున్నది ఏ ఒక్కటీ జాబితాలో కనపడదు, ఎందుకంటే కనపడొద్దని రాసింది నేనే.

నేను చేసిన పని ఏమిటో చెప్పనా? లేచి తలుపు గడియ పెట్టాను. కావలులన్నిటినీ చంపేశాను. ఐదింటిని ఒకటి చేసి, నిమిషానికి బదులు పావుగంటకోసారి లేవమని రాశాను. నన్ను తప్ప అన్న వాక్యాన్ని మళ్ళీ దాని చోట్లో పెట్టాను. గడియ తీసి, టీ తెప్పించుకున్నాను. సిస్టమ్ బాగుపడింది కదా, ఇక మేనేజరుగారు మనసు మార్చుకుంటారు, ఆవిడ తిరిగొస్తుంది, నా పరువూ పోదు అనుకున్నాను. పిరికివాడి తెలివి ఎంత చక్కగా పనిచేస్తుందో చూడండి.

పదకొండింటి రిలీజ్ జాబ్ నేనే నడిపాను. నాలుగు నిమిషాల్లో కాగితం వచ్చింది. గేటు దగ్గర లారీ కదిలింది. మేనేజరుగారు స్వయంగా మా గదికి వచ్చి నా భుజం తట్టారు.

"ఆ అమ్మాయిని పంపిన గంటకే గాడిన పడింది. నే చెప్పలేదూ?" అన్నారు.

నేను బాగుచేసింది కాస్తా ఆవిడ తప్పుకు సాక్ష్యమైంది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ మంగళవారం చెప్పలేదు, బుధవారం చెప్పలేదు, గురువారం చెప్పలేదు.

ఆ మూడు రోజులూ కలలో నడిచినట్టు నడిచాయి. చిన్న తుంపర, పగలంతా ఒకటే మబ్బు వెలుగు. నా కిటికీకి ఎదురుగా, తురాయి చెట్టుకు అవతల ప్యాకింగ్ హాలు. అందులో డజనుమంది ఆడవాళ్ళు నీలం టోపీలు పెట్టుకుని, ఒక్కో సీసా ఎత్తి, నల్లబల్ల ముందు దీపం వెలుగులో మెల్లగా తిప్పి, లోపల నలుసు ఏమైనా తేలుతోందా అని చూస్తుంటారు. చూడటమే వాళ్ళ పని. చూసి చూసి కళ్ళు అలిసిపోతాయని అక్కడొక పద్ధతి ఉంది. అరగంటకోసారి గంట మోగుతుంది. అందరూ సీసాలు దించి, కిటికీలోంచి దూరంగా చెట్టు వైపు చూస్తారు. కళ్ళకు అదే విశ్రాంతి. చూపుకు ఖర్చుందని ఆ హాలు కట్టినవాళ్ళకు తెలుసు. నాకే తెలియలేదు. చెట్టుకు వెనకాలే నా కిటికీ. అరగంటకోసారి ఆ డజను మొహాలూ నా వైపు తిరిగేవి. ఆ పచ్చకాగితం లోంచి నేను వాళ్ళకు కనపడనని తెలుసు. అయినా గురువారం సాయంత్రానికి నా కుర్చీని గోడవైపు తిప్పుకున్నాను.

శుక్రవారం ఏదో కాగితం వంకతో ఆ హాలుకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకూ సరిగ్గా తెలియదు. నేను పక్కన నిలబడగానే గంట మోగింది. ఆవిడ సీసా దించి, చెట్టు వైపు చూస్తూనే మెల్లగా మాట్లాడింది.

"నేను పోంగనె సిస్టమ్ మంచిగైందట గదా. మరి నిజంగ నేనే ఏమన్న తప్పు జేసిన్నా అన్నా? ఎంత యాది జేసుకున్నా తెలుస్తలేదు."

ఆవిడ నన్ను నిందించి ఉంటే తట్టుకునేవాణ్ణేమో. తననే అనుమానించుకోవడం మొదలుపెట్టింది. అంత మంచి చూపున్న మనిషికి తన చూపు మీదే నమ్మకం పోయేలా చేశాను. రెండోసారి గంట మోగింది, ఆవిడ సీసా ఎత్తి వెలుగులో పెట్టింది.

శనివారం పది గంటలకు మేనేజరుగారి గదికి వెళ్ళి, ఒక అరగంట మా గదికి రమ్మన్నాను. అంతా బాగానే నడుస్తోంది కదా, ఇప్పుడెందుకు కెలకడం అని విసుక్కున్నారు. కాంట్రాక్టరుకు పంపే కాగితం ఆయన టేబుల్ మీద, పేపరువెయిటు కింద ఉంది. అది పంపేముందే రావాలండీ అన్నాను. వాచీ చూసుకుని లేచారు. దారిలో డిస్పాచ్ అతన్నీ పిలిచాను. తెల్లారితే లారీల కోసం కొట్టుమిట్టాడేవాడు, అతను చూడాలి.

వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, ఐదు కావలులనూ మునుపటిలా నిమిషానికోసారి లేవమని పెట్టాను. రిలీజ్ జాబ్‌ను నా పేరు మీద, ఒకే ఒక్కసారి నొక్కాను. నొక్కి చేతులు వెనక్కు కట్టుకున్నాను. నాలుగు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. గేటు దగ్గర లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఇరవై నిమిషాలకు సిస్టమ్ దాదాపు పడకేసింది. మేనేజరుగారు జాబితా చూశారు. మొదటి పేరు రిలీజ్ జాబ్, పక్కన నా పేరు. ఆవిడ పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు ఇంకోటి చూడండి అని, నన్ను తప్ప అన్న వాక్యం తీసేశాను.

తెర నిండిపోయింది. డిస్పాచ్ అతను ముందుకు వంగి, వేలితో కొన్ని లెక్కపెట్టి, నా వైపు తిరిగాడు.

"గీ కావలోళ్ళే ఇంతమంది ఉంటే, పని జేసేటోళ్ళు యాడ కూసుంటరు సార్?"

నేను నలభై పేజీల రిపోర్టు రాసినా అంత బాగా చెప్పలేను. ఇది ఎవరు రాశారని మేనేజరు అడిగారు. నేనే అన్నాను. కనపడకుండా దాచింది ఎవరన్నారు. నేనే అన్నాను. ఎప్పుడు తెలిసిందని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆయన తన గదికి వెళ్ళి పేపరువెయిటు కింది కాగితం చించి, మధ్యాహ్నం ఆవిణ్ణి గదికి పంపించారు. నాకు ఒక మెమో వచ్చింది, రావలసిన ప్రమోషన్ రెండేళ్ళు వెనక్కి పోయింది. ఆ మెమో ఇంకా నా బీరువాలో ఉంది. అంత న్యాయమైన కాగితం నా సర్వీసులో ఇంకోటి రాలేదు.

ఆవిడ రెండున్నరకు వచ్చింది. టోపీ తీసిన గుర్తు నుదుటి మీద ఇంకా ఉంది. స్వెటరు వేసుకుని, కుర్చీ దుమ్ము తుడిచి కూర్చుంది. విషయమంతా డిస్పాచ్ అతను చెప్పేశాడట. నేను ఏదో మొదలుపెట్టబోయాను. ఆవిడ తెర వైపే చూస్తూ ఒకటే అడిగింది.

"ఎప్పుడు ఎరుకైంది మీకు?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్ననే అనొచ్చు. ఎవరు చూడొచ్చారు?

"మంగళవారం," అన్నాను.

ఆవిడ వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి.

"ఇయ్యాల శనివారం," అంది. "సరే సార్. మూడింటి రిలీజు నేను నడిపిస్త," అంది.

ఆ తర్వాత ఏడేళ్ళు అదే గదిలో కలిసి పనిచేశాం. ఆవిడ పర్మనెంటయింది. నాతో ఎప్పుడూ మొహం చిట్లించలేదు. పండక్కి సకినాలు తెచ్చేది, మా ఆవిడకు ఒంట్లో బాగోలేనప్పుడు ఇంటికొచ్చి చూసి వెళ్ళింది. కావలిని కూడా ఆవిడే సరిచేసింది. జాబితాలో అందరికంటే పైన, ఎవరు ఎంత తిన్నా సరే, మొదటి వరస కావలిదే ఉండేలా రాసింది. ముందు చూసేవాడి ఖర్చు, తర్వాతే మిగతావాళ్ళది. మీరూ మీ తెరల మీద ఆ ఒక్క వరస రాసుకోండి. ముసలాయన మాట అనుకోకండి, ఆవిడ మాట అనుకోండి.

తెలంగాణ వచ్చిన ఏడాది నేను రిటైరయ్యాను. క్యాంటీన్‌లో కుర్చీలు వేసి, శాలువా కప్పారు. అప్పటికి ఆ గదికి ఆవిడే ఇన్‌ఛార్జి. మైకు పట్టుకుని నా గురించి చక్కగా మాట్లాడింది. సార్ నాకు పని నేర్పిండ్రు, సార్ మస్తు ఓపికమంతులు అని. చివర్న దండం పెట్టి, ఆరోగ్యం చూసుకోండ్రి సార్ అంది. నేను నవ్వి తల ఊపాను. ఇంకో మాట కోసం ఎదురుచూస్తున్నానని ఆవిడకు తెలిసే ఉంటుంది.

శాలువా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఉప్పల్ దగ్గర మెట్రో స్తంభాలు వరసగా లేస్తున్నాయి, రోడ్డంతా దుమ్ము, బస్సంతా జనం. మెట్ల దగ్గరే నిలబడిపోయాను. కండక్టరు వెనకనుంచి నా భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, జర లోపటికి జరుగు," అన్నాడు.

ఈ ఊళ్ళో ఎవరైనా ఎవరినైనా అలాగే పిలుస్తారు. లోపలికి జరిగి కమ్మీ పట్టుకున్నాను. కళ్ళు తుడుచుకోవడానికి రెండో చెయ్యి ఖాళీ లేకపోయింది.